అతిథుల గదిలో గోడకు మడిచే మంచం ఎలా చేసుకోవాలి

పదడుగుల గదిలో అతిథుల కోసమని ఒక మంచం వేసేస్తే, సంక్రాంతికీ పెళ్లిళ్లకూ చుట్టాలు వచ్చే నాలుగు రోజులు తప్ప ఏడాదంతా ఆ గది మంచానికే అంకితమైపోతుంది. పగలు గోడకు బిగించిన బీరువాలోకి నిలబెట్టి మూసేసి, రాత్రి దించుకునే మంచం ఉంటే అదే గదిలో పిల్లల చదువుకో ఆఫీసు పనికో బల్ల వేసుకోవచ్చు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం మర్ఫీ అనే ఆయన ఇలాంటి మంచానికి పేటెంట్ పొందాడు. అందువల్ల హార్డ్‌వేర్ దుకాణంలో మర్ఫీ బెడ్ ఫిటింగ్ అని అడిగినా, వాల్ బెడ్ ఫిటింగ్ అని అడిగినా ఒకటే ఇస్తారు.

చెక్కపని కొంత తెలిసినవారు దీన్ని స్వయంగా చేసుకోవచ్చు. తెలియనివారు వడ్రంగిని పెట్టుకున్నా, ఈ లెక్కలు తెలిసి దగ్గరుండటం మంచిది. సాధారణంగా ఈ పని ప్లైవుడ్ కొనడంతో మొదలై, పరుపు కొనడంతో ముగుస్తుంది. అది తలకిందుల పద్ధతి. పరుపు, గోడ, బరువు అనే మూడూ తేలకుండా చెక్క మీద రంపం పెట్టకూడదు, ఎందుకంటే బీరువా లోతు మొదలుకొని స్ప్రింగు బలం వరకు ప్రతి అంకె వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

పరుపు, చోటు

ఇక్కడ చెప్పే కొలతలన్నీ 75 అంగుళాల పొడవు, 48 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న ఫోమ్ పరుపుకు సంబంధించినవి. ఈ పరిమాణంలో 40 డెన్సిటీ (ఘనమీటరుకు 40 కిలోలు) ఫోమ్ సుమారు 14 కిలోలు తూగుతుంది; అదే కొలత లేటెక్స్ పరుపు దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మందం 6 అంగుళాలు దాటితే బీరువా లోతూ పెరుగుతుంది, ఎత్తవలసిన బరువూ పెరుగుతుంది. ఇంట్లో పాత బూరుగుదూది పరుపు ఉంది కదా, దాన్నే వాడదామని పెద్దవాళ్లు అనవచ్చు. అది పడుకోవడానికి ఎంత హాయిగా ఉన్నా నెలల తరబడి నిలబెట్టి ఉంచితే దూది మొత్తం కిందికి, అంటే తలవైపుకు జారి ముద్ద కడుతుంది కాబట్టి ఈ మంచానికి పనికిరాదు.

పరుపు ఇంటికి వచ్చిన తరువాత దాన్ని టేపుతో స్వయంగా కొలవండి. కంపెనీ ముద్రించిన కొలతకూ అసలు కొలతకూ అర అంగుళం తేడా రావడం మామూలే.

దించినప్పుడు మంచం చివర గోడ నుంచి సుమారు 81 అంగుళాల దూరానికి వస్తుంది. పదడుగుల గదిలో ఇంకా మూడడుగుల పైచిలుకు నడిచే దారి మిగులుతుంది. గది తొమ్మిదడుగులే అయితే దారి రెండడుగుల మూడు అంగుళాలకు పడిపోతుంది, అది ఇబ్బందే. ఆ పరిస్థితిలో 36 అంగుళాల పరుపుతో, పొడవు గోడ వెంట ఉండేలా అడ్డంగా మడిచే మంచం చేసుకోవడం మేలు. అది కిటికీ కింద కూడా ఇముడుతుంది, ఎత్తడం తేలిక, స్ప్రింగులు చిన్నవి సరిపోతాయి. ఇద్దరు పడుకోవాలంటేనే నిలువుగా లేచే మంచం తీసుకోండి.

నిలువు మంచంలో తల ఎప్పుడూ బీరువా ఉన్న గోడవైపే ఉంటుంది. తల ఉత్తరానికి పెట్టకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లలో దక్షిణపు గోడనో తూర్పు గోడనో ఎంచుకుంటే, తరువాత ఎవరూ నొచ్చుకోవలసిన పని ఉండదు.

గోడను పరీక్షించడం

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. మంచం ఎత్తడానికి సాయపడే గ్యాస్ స్ప్రింగులు (లోపల వాయువు నింపిన గొట్టాలు) బరువు మోస్తాయి, మంచం చేతికి తేలిగ్గా వస్తుంది, ఇక గోడ మీద పడే భారం ఏముంటుందని అనిపించడం సహజం. అది నిజం కాదు. స్ప్రింగు ఒక కొస మంచానికీ మరో కొస బీరువాకూ బిగించి ఉంటుంది కాబట్టి, అది మంచం బరువును బీరువా మీదికి మార్చుతుందే తప్ప తగ్గించదు. కాళ్లు నేలకు ఆనకముందు, మంచం గాలిలో అడ్డంగా ఉన్న క్షణంలో, బీరువా మొత్తం ముందుకు బోర్లాపడటానికే చూస్తుంది.

ఎంత బలంతో లాగుతుందో లెక్క వేయవచ్చు. పరుపుతో కలిపి 70 కిలోల మంచం, ఏడడుగుల ఎత్తు బీరువా అనుకుంటే, బీరువా సొంత బరువును మినహాయించి పై అంచు దగ్గర దాదాపు 20 కిలోల లాగుడు ఉంటుంది. మంచం కాళ్లు తెరవకుండానే 70 కిలోల మనిషి మంచం చివర కూర్చుంటే అది 75 కిలోలకు పెరుగుతుంది. మంచి గోడలో నాలుగు బోల్టులకు ఇది పెద్ద భారం కాదు. కానీ బోల్టు పట్టింది ఇటుకనా, ఉత్త ప్లాస్టరింగునా అన్నదే ప్రశ్న.

గోడ ఏ రకమో బిల్డరు చెప్పిన మాట కన్నా డ్రిల్లు నుంచి వచ్చే పొడి నమ్మకమైన సాక్ష్యం. బీరువా వెనుక దాగిపోయే చోట 6 మి.మీ. బిట్టుతో ఒక రంధ్రం వేసి చూడండి. మొదట వచ్చేది ప్లాస్టరు పొడి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తరువాత ఎర్రటి పొడి వస్తే మట్టి ఇటుక. తెల్లగా సుద్దలాంటి పొడి వస్తూ, హ్యామర్ వాడకుండానే బిట్టు సులువుగా దిగిపోతే అది ఏఏసీ తేలికపాటి ఇటుక. ఈ మధ్య కట్టిన అపార్టుమెంట్లలో ఇవి ఎక్కువ. బూడిదరంగు పొడి కొద్దికొద్దిగా వస్తూ బిట్టు మొరాయిస్తే కాంక్రీటు గోడ. బిట్టు దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి ఖాళీలోకి జారితే లోపల డొల్ల ఉన్న సిమెంటు బ్లాకు.

కాంక్రీటులో 10 మి.మీ. ఎక్స్‌పాన్షన్ యాంకర్ బోల్టులు, అంటే బిగించేకొద్దీ రంధ్రంలో ఉబ్బి పట్టుకునేవి, నిశ్చింతగా పట్టుకుంటాయి. ఇనుప కడ్డీ తగిలితే దాన్ని కోయకుండా రెండు అంగుళాలు పక్కకు జరిగి మళ్లీ రంధ్రం వేయాలి. మట్టి ఇటుకలో అదే బోల్టు బిగించేకొద్దీ ఇటుకను చీల్చే ప్రమాదం ఉంది. అందుకని రెండు వరసల మధ్య ఉన్న సిమెంటు సందులో కాకుండా ఇటుక మధ్యలో రంధ్రం వేసి, జిగురులా గట్టిపడే రసాయనం నింపే కెమికల్ యాంకర్‌తో 10 మి.మీ. స్టడ్ (మరలున్న కడ్డీ) నిలపండి. డొల్ల బ్లాకుకైతే జల్లెడ గొట్టం తొడిగి ఆ రసాయనాన్నే నింపాలి. ఏఏసీ గోడకు ఎక్స్‌పాన్షన్ బోల్టు అసలు వద్దు. అవతలి గది కూడా మీదే అయితే గోడకు ఆరపార రంధ్రం చేసి, అవతలివైపు 5 మి.మీ. మందం ఇనుప పలక పెట్టి బోల్టు బిగించడం అన్నిటికన్నా గట్టి పద్ధతి. ఆ పలకను ప్లాస్టరులోకి కొద్దిగా దించి పుట్టీ పూస్తే కనిపించదు. కుదరకపోతే ఏఏసీ కోసమే తయారైన పొడవాటి నైలాన్ ప్లగ్గులు నాలుగింటికి బదులు ఎనిమిది వేయండి.

ఏ గోడకైనా రంధ్రంలోని పొడిని బ్రష్‌తో, గాలిపంపుతో పూర్తిగా తీసేయాలి. పొడి మిగిలిన రంధ్రంలో రసాయనం గోడకు అంటుకోదు, పొడికి అంటుకుంటుంది. గట్టిపడటానికి ఎంత సేపు పడుతుందో గొట్టం మీదే రాసి ఉంటుంది, అంతసేపూ స్టడ్‌ను కదపవద్దు. స్విచ్‌బోర్డులకు నిట్టనిలువుగా పైన వైరు గొట్టాలు ఉంటాయి, స్నానాలగది వైపు గోడలో నీటి పైపులు ఉంటాయి. ఆ రెండు చోట్లా డ్రిల్లు పెట్టకండి. స్నానాలగది గోడకు చెమ్మ ఉన్నట్టయితే ఈ మంచానికి వేరే గోడ చూసుకోవడమే ఉత్తమం.

బోల్టులు నేరుగా బీరువా చెక్కలోకి పోకూడదు. ముందుగా 40 × 40 మి.మీ. ఇనుప యాంగిల్‌ను బీరువా లోపలి వెడల్పు మేరకు కోయించి, రసమట్టం పెట్టి గోడకు బిగించండి. బీరువా పై పలక దాని మీదికి వచ్చి ఆనాలి; కింది నుంచి స్క్రూలతో బిగిస్తే లాగుడంతా యాంగిల్ పొడవునా పంచుకుపోతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవారికి ఈ మంచం సలహా ఇవ్వలేను. ఇల్లు మారేటప్పుడు గోడకు మిగిలే గాయాలతో అడ్వాన్సు వాపసు గొడవే కాకుండా, కొత్త ఇంటి గోడకు మళ్లీ మొదటి నుంచి లెక్కలన్నీ వేసుకోవాలి. వారికి మడత నవారు మంచమే నయం.

బీరువా, మంచం చట్రం

బీరువాకు ఐఎస్ 303 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న బీడబ్ల్యూఆర్ రకం, అంటే మరిగే నీటిని తట్టుకునే 18 మి.మీ. ప్లైవుడ్ చాలు, ఖరీదైన ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ పొడిగా ఉండే పడకగదికి అవసరం లేదు. పార్టికల్ బోర్డు మాత్రం వద్దు, మంచం తిరిగే ఇరుసు దగ్గర స్క్రూలు కొన్నాళ్లకే వదులవుతాయి.

పక్కపలకలు రెండూ 84 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. లోపలి వెడల్పు 51 అంగుళాలు. వెనుక పూర్తి పలక వేయకండి. తలవైపున 12 అంగుళాల అడ్డపలక ఒకటి, పైన 6 అంగుళాలది మరొకటి ఉంటే చట్రం పక్కలకు ఊగదు, పరుపు వెనుక గాలి కూడా ఆడుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో ఈ గాలి ఆడకపోతే వర్షాకాలం ముగిసేసరికి పరుపు వీపున బూజు కనిపిస్తుంది.

పరుపు కింది చట్రాన్ని వెల్డింగ్ షాపులో 40 × 20 మి.మీ. ఇనుప పైపుతో చేయించడం మంచిది. నాలుగు వైపులా పైపు, మధ్యలో పదిహేను అంగుళాలకొకటి చొప్పున అడ్డపైపులు, అన్నీ 40 మి.మీ. వైపు నిలువుగా ఉండేలా వేయించండి. షాపు నుంచి తెచ్చుకునే ముందే రెండు మూలమూలల కర్ణాలు కొలవాలి. తేడా 3 మి.మీ. దాటితే అక్కడే సరిచేయించాలి, ఇంటికి వచ్చాక సరిచేసే దారి ఉండదు. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, పైన ఎనామిల్ రంగు వేయండి. ఈ చట్రం చుట్టూ 7 అంగుళాల ప్లైవుడ్ పట్టీలు బోల్టులతో బిగిస్తే పరుపు జారకుండా తొట్టి ఏర్పడుతుంది. లోపలి కొలత 76 × 48½ అంగుళాలు, బయటి కొలత 77½ × 50.

మూసినప్పుడు తలుపులా కనిపించే ముఖానికి 12 మి.మీ. ప్లైవుడ్ వాడండి. ఇక్కడొక చిక్కు ఉంది: ముఖం వెడల్పు 50 అంగుళాలు, ప్లైవుడ్ షీటు వెడల్పు 48. ఆ రెండు అంగుళాల కోసం మరో షీటు కొనవలసిన పని లేదు. ఒక షీటును నిలువుగా 23¾ అంగుళాల రెండు ముక్కలుగా కోయించి, వాటి మధ్య 2½ అంగుళాల పట్టీ ఒకటి పెట్టండి. పట్టీకి ముదురురంగు లామినేట్ అంటిస్తే, మూసి ఉన్నప్పుడు రెండు తలుపుల బీరువాలా కనిపిస్తుంది, అతుకు ఎవరికీ తెలియదు. మూడు ముక్కలూ అడ్డపైపులకు కింది నుంచి స్క్రూలతో పట్టుకుంటాయి. లామినేట్ ఒకవైపే అంటిస్తే పలక వంగుతుంది కాబట్టి లోపలివైపు పలచటి లైనరు తప్పనిసరి.

ఇరుసు ఎక్కడ ఉండాలి

ఫిటింగుతో పాటు కాగితపు నమూనా వస్తుంది, దాని మీద ఇచ్చిన కొలతే ప్రమాణం. అయినా రంధ్రాలు వేయడానికి ముందు మీ మంచానికి అది సరిపోతుందో లేదో అట్టతో చూసుకోవడం సులువు. అయిదు అంగుళాలకు ఒక అంగుళం చొప్పున మంచం పక్కరూపాన్ని అట్టలో కత్తిరించి, అదే కొలతలో గీసిన బీరువా బొమ్మ మీద ఇరుసు చోట గుండుసూదితో గుచ్చి తిప్పండి. తలవైపు మూల నేలకు గానీ వెనుక గోడకు గానీ తగులుతుందేమో ఒక్క తిప్పుతో తెలిసిపోతుంది.

ఈ కొలతల మంచానికి ఇరుసు నేల నుంచి 14½ అంగుళాల ఎత్తున, బీరువా ముందు అంచు నుంచి 4 అంగుళాలు లోపల, మంచం తలవైపు కొస నుంచి 9 అంగుళాల దూరాన ఉంటే చక్కగా తిరుగుతుంది. దించినప్పుడు పరుపు పైభాగం నేలకు 18½ అంగుళాల ఎత్తున ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కూడా కష్టం లేకుండా లేవగలరు. ఇరుసు ఉండే చోట పక్కపలకకు బయటివైపు మరో 18 మి.మీ. ముక్కను ఫెవికాల్‌తో అంటించి, ఇరుసు పలకను చెక్కస్క్రూలతో కాకుండా ఆరపార వెళ్లే 8 మి.మీ. బోల్టులతో, వాషర్లు పెట్టి బిగించాలి. రెండు వైపుల ఇరుసులూ ఒకే ఎత్తున ఉండాలి. నేల టైల్సు వాలును నమ్మి కింది నుంచి కొలిస్తే తేడా వస్తుంది. అందుకని నీళ్ల గొట్టంతో గానీ రసమట్టంతో గానీ చూసుకోండి.

కాళ్లకు చివరన మడిచే యూ ఆకారపు పైపు కాలు మేలు. మడిచినప్పుడు అదే పిడిగా పనికొస్తుంది. తెరిచినప్పుడు కాలు నిట్టనిలువు దాటి కొద్దిగా బయటికి వాలేలా బందు అమర్చితే, బరువు పడేకొద్దీ బిగుసుకుంటుందే తప్ప మడుచుకుపోదు.

బరువు తూచి స్ప్రింగులు తేవడం

ఇంతవరకూ స్ప్రింగులు కొనకండి. పరుపు, దుప్పటి, కట్టే పట్టీలు అన్నీ మంచం మీద వేసి, ఇద్దరు మనుషులు పట్టుకుని దాన్ని అడ్డంగా దించండి. చివర కింద పీట, పీట మీద బరువు తూచే యంత్రం పెట్టి, మంచం సమంగా ఉన్నప్పుడు అంకె చూడండి. 70 కిలోల మంచానికి అది 30 కిలోల దగ్గర వస్తుంది.

ఆ 30ని ఇరుసు నుంచి చివరి వరకు ఉన్న దూరంతో, అంటే 1.74 మీటర్లతో గుణిస్తే సుమారు 52. దిగి ఉన్న మంచం మీద స్ప్రింగు తోసే గీతకూ ఇరుసుకూ మధ్య లంబదూరం ఫిటింగును బట్టి మారుతుంది, అది 0.23 మీటర్లు అనుకుందాం. 52ను దానితో భాగిస్తే 226 కిలోలు, రెండు స్ప్రింగులకు పంచితే ఒక్కొక్కదానికి 113 కిలోలు, అంటే దాదాపు 1,100 న్యూటన్లు. అయితే పూర్తి బరువుకు సమానమైన స్ప్రింగు వేస్తే దించిన మంచం నేల మీద నిలవదు, మనిషి లేవగానే అదీ లేస్తుంది. చివర 3, 4 కిలోల బరువు మిగలాలి. అందుకు దిగి ఉన్న స్థితిలో ఒక్కొక్కటి 1,000 న్యూటన్లకు మించకూడదు.

దుకాణంలో అడిగేటప్పుడు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. స్ప్రింగు మీద ముద్రించిన అంకె అది సాగి ఉన్నప్పటి బలం. లోపలికి నొక్కుకున్నప్పుడు, అంటే మంచం దిగినప్పుడు, రకాన్ని బట్టి 20 నుంచి 40 శాతం పెరుగుతుంది. కనుక ముద్రించిన అంకె, రకాన్ని బట్టి 700 నుంచి 800 న్యూటన్ల మధ్య ఉన్న జత తీసుకోండి, తూకం సరిపోకపోతే మార్చి ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి. లోపల ఉన్నది వాయువు కాబట్టి ఎండ ప్రభావమూ ఉంటుంది. జనవరిలో 20 డిగ్రీల దగ్గర సరిచూసిన స్ప్రింగు మే నెలలో 40 డిగ్రీల గదిలో దాదాపు 7 శాతం ఎక్కువ తోస్తుంది, చివర మిగిల్చిన బరువులో రెండు కిలోలు అక్కడే పోతాయి. చలికాలంలో అమర్చేవారు 5 కిలోలు మిగిల్చి అమర్చుకోవాలి.

స్ప్రింగులు బిగించడం అన్నిటికన్నా చివరి పని. పరుపు లేకుండా స్ప్రింగులు తగిలిస్తే, దించిన మంచం చేయి వదిలిన మరుక్షణం పైకి ఎగిరి గడ్డానికి తగులుతుంది. మంచాన్ని నిలబెట్టి, గొళ్లెం వేసి, స్ప్రింగు పూర్తిగా సాగి ఉన్న స్థితిలో తగిలించండి. ఎక్కువకాలం ఉండే ఆ స్థితిలో సన్నటి కడ్డీవైపు కిందికి ఉండాలి, అప్పుడు లోపలి నూనె సీలును తడుపుతూ ఉంటుంది. పాడైన స్ప్రింగును కోయడం, రంధ్రం చేయడం, చెత్తతో పాటు కాల్చడం ప్రాణాంతకం, లోపల నైట్రోజన్ అధిక ఒత్తిడితో ఉంటుంది.

పిల్లలున్న ఇంట్లో గొళ్లేన్ని అయిదున్నర అడుగుల పైన, రెండు వైపులా పెట్టండి. మొదటిసారి దించినప్పుడు కాళ్లు పూర్తిగా తెరిచి, ఒకరు చివర కూర్చుని, మరొకరు యాంగిల్ దగ్గర గోడకూ ఇనుముకూ మధ్య సందు తెరుచుకుంటోందేమో టార్చి వేసి చూడాలి. వెంట్రుకవాసి సందు కనిపించినా ఆ బోల్టును తిరిగి పరిశీలించేవరకు అతిథులను పడుకోనివ్వవద్దు.

ఉదయం లేవగానే మంచం ఎత్తేయకుండా అరగంట తెరిచి ఉంచితే పరుపులోని చెమట తడి ఆరుతుంది. దిండ్లు పరుపుతో పాటు లోపల కుక్కకుండా పక్క అరలో పెట్టుకోండి. ఏడాదికొకసారి ఇరుసు బోల్టులు, యాంగిల్ బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో పాన పెట్టి చూడండి. సగం ఎత్తిన మంచం మునుపటిలా మెల్లగా పైకి పోక బరువుగా కిందికి జారుతోందంటే స్ప్రింగుల్లో బలం తగ్గినట్టు. రెంటిలో ఒకటే పాడైనా, అదే అంకె ఉన్న కొత్త జత తెచ్చి రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే మంచం ఒకవైపుకు మెలిపడి ఇరుసు అరుగుతుంది.